పెండలం జాము సీసా

ఈ కొండ ఊరి మార్కెట్లో అడుగు పెట్టగానే నా ముక్కు నాకంటే ముందు పరిగెత్తింది. పాలు, చక్కెర, వెన్న, వాటి అడుగున ఉడికిన దుంప వాసన. ఒక దుకాణం ముందు పెద్ద మూకుడులో ఊదారంగు జాము కుతకుతలాడుతోంది. కలుపుతున్నావిడకి మా నానమ్మ వయసు ఉంటుంది. స్వెట్టరు మీద ఏప్రాన్ కట్టుకుని, రెండు చేతులతో తెడ్డు పట్టుకుని, అడుగంటకుండా తిప్పుతూనే ఉంది.

ఫిలిప్పీన్స్‌కి మెడిసిన్ చదవడానికి వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊరు రావాలనుకుంటూనే ఉన్నాను. ఇన్నాళ్ళకి సెలవులు, బస్సు, తోడు వచ్చే హాస్టల్ అమ్మాయిలు అన్నీ ఒకేసారి కుదిరాయి. వాళ్ళు పైన్ చెట్ల కింద ఫోటోలు దిగడానికి వచ్చారు. నేను మాత్రం తిండి కొనడానికే వచ్చాను. స్ట్రాబెర్రీ జాము, వేరుశెనగ అచ్చులు, పట్టుకుంటే విరిగిపోయే పల్చటి బిస్కెట్లు, పాలకోవా లాంటి మెత్తటి బిళ్ళలు వరసగా పేర్చి ఉన్నాయి. సీసా ఎలా తిరగేసి చూడాలో, జాములో పిండి కలిపారో లేదో ఎలా కనిపెట్టాలో నాకు చిన్నప్పుడే తెలుసు. ఊరు చూడకుండానే తెలుసు.

ఆవిడ పుల్ల చివర కాస్త జాము పెట్టి రుచి చూడమంది. నోట్లో పెట్టుకోగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కడి పిల్లవి?" అంది ఇంగ్లీషులో.

"దుబాయ్" అన్నాను. మీది ఏ ఊరంటే అక్కడ పెరిగిన మాలాంటి వాళ్ళం అలాగే చెప్తాం.

"మరి దుబాయ్ పిల్లకి మా ఊబె జాము తింటే కళ్ళనీళ్ళెందుకు?" అని నవ్వి, వెనకున్న స్టూలు చూపించింది. నేను కూర్చుని మా ఆతే సంగతి మొదలుపెట్టాను.

ఆతే అంటే వాళ్ళ భాషలో అక్క. మేమప్పుడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఉండేవాళ్ళం. పేరు విని పార్కు అనుకునేరు. ఫ్యాక్టరీలు, గోడౌన్లు, లేబర్ క్యాంపులు, వాటి మధ్యలో మా బిల్డింగు లాంటివి కొన్ని. నాన్న ఒక పరుపుల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేవాడు. సాయంత్రం గాలి ఒకవైపు నుంచి వస్తే బిస్కెట్ల ఫ్యాక్టరీ వాసన, ఇంకోవైపు నుంచి వస్తే రంగుల ఫ్యాక్టరీ తలనొప్పి. అద్దె మేమొక్కళ్ళమే మోయలేక, వంటగది పక్కనున్న చిన్న గదిని ఒక సెలూన్లో జుట్టు కత్తిరించే ఆవిడకి ఇచ్చాం. ఆవిడే మా ఆతే. మా అమ్మ కంటే కాస్త చిన్నది. ఇప్పుడా బిల్డింగులో అలా గదులు పంచుకోనివ్వడం లేదట. మేమూ షార్జా వెళ్ళిపోయాం. ఒక వంటగదిలో రెండు దేశాల పోపులు వేగే ఆ కాపురం మళ్ళీ ఎక్కడా చూడలేదు నేను.

ఆ చలికాలం మా నానమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. గోదావరి మనిషి. మాట పెళుసు, చేయి పెద్దది. వచ్చిన రోజే, "పరాయి మనిషితో ఒకే పొయ్యి ఏంటే అమ్మాయ్" అని మా అమ్మ మీద విరుచుకుపడింది. ఆ మర్నాడు ఆతే ఎండు చేపలు వేయించింది. పై అంతస్తు వాళ్ళు తలుపు కొట్టి మరీ గొడవ పెట్టుకున్నారు. నానమ్మ వాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి తెలుగులో దులిపేసింది. వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ వెళ్ళిపోయారు. నానమ్మ తలుపేసి, వంటగదిలోకి వచ్చి, ఆతే పళ్ళెంలోంచి ఒక చేప తీసుకుని నమిలింది. "ఉప్పు తక్కువ" అంది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం.

భాష లేదు వాళ్ళకి. ఆతేకి వచ్చిన హిందీ నానమ్మకి రాదు, నానమ్మ తెలుగు ఆతేకి రాదు. మధ్యలో నేను. "నానమ్మా" అనడం, "తిన్నావా", "చెప్తాను" లాంటి నాలుగు మాటలు ఆతే నా దగ్గర నేర్చుకుంది. మిగతాది చేతులతో, గిన్నెలతో మాట్లాడుకునేవారు.

ఒకసారి ఆతే వాళ్ళ ఊరి నుంచి ఎవరో వస్తూ ఒక గాజు సీసా తెచ్చారు. అందులో ఊదారంగు ముద్ద. వాళ్ళమ్మ స్వయంగా కలిపిన జాము. ఆతే మాకు చెంచాతో పెట్టింది. నానమ్మ చప్పరించి కళ్ళు పెద్దవి చేసింది.

"ఇది పెండలం కదే! మన దొడ్లో కాసేదే. దీంతో పులుసు పెడతాం కానీ, ఇలా తీపి చేస్తారా ఎవరైనా?"

అలా అంటూనే రెండో చెంచా తీసుకుంది. నానమ్మకి షుగరు. అమ్మ సీసా దాచిపెట్టేది. నేను స్కూలు నుంచి రాగానే నానమ్మా నేనూ వంటగది తలుపు దగ్గరగా వేసి, ఒకే చెంచాతో ఇద్దరం నాకేవాళ్ళం. ఆతే ఒకసారి చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది. మర్నాడు సీసా పై అరలోంచి కింది అరలోకి దానంతట అది దిగి వచ్చింది.

ఆతే తన ఊరి కబుర్లు చెప్పేటప్పుడు ఎప్పుడూ తిండి కొనడం దగ్గరే మొదలుపెట్టేది. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎక్కడికి వెళ్ళినా ఇంట్లో వాళ్ళకీ, పక్కింటి వాళ్ళకీ, ఆఫీసు వాళ్ళకీ తినేది ఏదో ఒకటి తేవాలి. తేకపోతే ముఖం చూపించలేరు. అందుకే వాళ్ళ ఊరికి, అంటే ఈ కొండ ఊరికి, వచ్చినవాళ్ళంతా సంచులు మోసుకుంటూ దిగుతారట. "జాము కొంటే సీసా తిరగెయ్. తొందరగా జారితే వద్దు" అనేది. "అచ్చులు కొంటే ముందు విరిచి చూడు, చప్పుడు రావాలి" అనేది. నేను ఇవన్నీ నానమ్మకి తెలుగులో చెప్తే, "మనకి మాత్రం లేదా? పిల్లలున్న ఇంటికి చేతులూపుకుంటూ వెళ్తామా ఎవరమైనా" అనేది నానమ్మ.

అవన్నీ హాయిగా ఉన్న రోజులు. వాళ్ళమ్మకి ఒంట్లో నీరు పట్టిందని కబురు రావడంతో అవి అయిపోయాయి.

ఆతే తన ఊరు వెళ్ళి చాలా ఏళ్ళయింది. తండ్రి లేడు. అక్క ఒకావిడ అల్ ఐన్‌లో ఖర్జూరపు తోట ఉన్న ఇంట్లో పనిచేసేది. ఆవిడ వెళ్ళడానికి అసలు వీల్లేదు. ఆతేకి మాత్రం సెలవు రావాల్సి ఉంది. కానీ పాస్‌పోర్టు సెలూన్ ముదీర్, అంటే మేనేజరు, సొరుగులో ఉంది. ఈద్ ముందు సెలూన్లో ఊపిరాడదు కదా. "ఈద్ అయ్యాక చూద్దాం, ఖలాస్" అన్నాడట అతను. ఆతే రోజూ అడిగేది. రోజూ అదే ఖలాస్. రోజూ సాయంత్రం ఫోన్లో వాళ్ళమ్మ ముఖం చూసుకునేది. ఆవిడ నోట్లో ఒక్క పన్ను లేదు. నవ్వితే పసిపిల్లలా ఉండేది. రోజురోజుకీ ఆ ముఖం ఉబ్బిపోతూ ఉండటం నాకు కూడా తెలుస్తూ ఉండేది. ప్రాణం ఉండగా ఒక్కసారి చూడాలి, ఆతేకి కావలసింది అంతే. నాన్న ఒకసారి సెలూన్‌కి వెళ్ళి ముదీర్‌తో మాట్లాడి వచ్చాడు. అతను టీ ఇచ్చి పంపించాడు, పాస్‌పోర్టు ఇవ్వలేదు. నానమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

చివరికి ఈద్ అయింది, పాస్‌పోర్టు చేతికి వచ్చింది, టికెట్ దొరికింది. ప్రయాణం ఎల్లుండి. నానమ్మ ఆ రోజే జాము సీసా కడిగి ఎండబెట్టింది. "ఒకళ్ళు తీపి పెట్టి ఇచ్చిన సీసా ఖాళీగా తిప్పి పంపకూడదు" అని మినప్పప్పు వేయించడం మొదలుపెట్టింది. సున్నుండలు. పళ్ళు లేకపోయినా తినొచ్చు, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి. నెయ్యి మామూలు కంటే ఎక్కువ పోసింది.

పప్పు ఇంకా చల్లారలేదు. అమ్మ ఫోన్ మోగింది. అల్ ఐన్ నుంచి ఆతే వాళ్ళక్క. ఏడుస్తూ హిందీలో చెప్తోంది. వాళ్ళమ్మ పోయింది. చెల్లెలు సెలూన్లో ఒక్కతే ఉంది, ఫోన్లో చెప్పడం ఇష్టం లేదు, సాయంత్రం ఇంటికి వచ్చాక మీరు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి, అంది. అమ్మ సరేనంది. ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

"చెప్పకూడదు" అంది నానమ్మ.

"వాళ్ళక్క చెప్పమంది కదండీ అత్తయ్యగారూ."

"చెప్తే ఆ పిల్ల విమానం ఎలా ఎక్కుతుంది? అంత దూరం ఒక్కతీ ఏడ్చుకుంటూ పోవాలా? మా అన్నయ్య పోయినప్పుడు నాకు చెప్పారా? సీరియస్‌గా ఉందని కారెక్కించారు. ఇంటి ముందు కుర్చీలు వేసి ఉంటే అప్పుడు తెలిసింది. ఆ నాలుగు గంటలూ ఆశతో కూర్చున్నాను. అదైనా మిగిలింది నాకు."

నాన్న వచ్చాడు. విన్నాడు. "అమ్మ చెప్పింది నిజమే. దారిలో ఏమన్నా అయితే ఎవరున్నారు పాపం" అన్నాడు. ఇక అయిపోయింది. మా ఇళ్ళల్లో చావు కబురు ఇలాగే ప్రయాణం చేస్తుంది, అందరికీ తెలిసి చివరికి దగ్గరవాళ్ళకి. నన్ను పిలిచి, నోరు జారావంటే చూడు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి అమ్మ పోయింది, ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ మాట అడిగితే "చిన్నపిల్లవి, ఊరుకో" అంది అమ్మ.

నానమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

"ఈ రోజు తీపి చేస్తారా అత్తయ్యగారూ?" అంది అమ్మ నెమ్మదిగా.

"పొద్దున్న మొదలుపెట్టడం చూసి వెళ్ళింది. ఇప్పుడు ఆపితే అనుమానం రాదూ?"

ఆ సాయంత్రం ఆతే ఆలస్యంగా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జుట్టుకి వేసే రంగుల ఘాటు అనుకున్నాం. వంటగది గుమ్మంలో నిలబడింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది కూడా. నానమ్మ కంగారులో ఆగకుండా మాట్లాడేసింది. "వచ్చావా తల్లీ, ఇదిగో చూడు, ఇవన్నీ మీ అమ్మకే. పళ్ళు లేవుగా, ఇవైతే తింటుంది. మీ అమ్మకి తగ్గిపోతుందిలే, నిన్ను చూస్తే లేచి కూర్చుంటుంది." నేను తల వంచుకుని దాన్నంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆతే నానమ్మ చేతులకేసి చాలాసేపు చూసింది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, నేల మీద కూర్చుని, మాతో పాటు ఉండలు చుట్టింది. చుట్టాక స్నానానికి వెళ్ళి ఎంతకీ రాలేదు. నాన్న బాత్రూం తలుపు దగ్గర రెండుసార్లు తచ్చాడి తిరిగొచ్చాడు.

మర్నాడు ఆతే సూపర్‌మార్కెట్‌కి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. ట్రాలీ నేను తోశాను. అంత భయంగా నేనెప్పుడూ బజారుకి వెళ్ళలేదు. ప్రతి వస్తువు దగ్గరా "ఇది మా అమ్మకి" అంటుందేమో అని ఆమె ముఖం వంకే చూస్తున్నాను. కానీ ఆతే వాళ్ళమ్మ మాటే ఎత్తలేదు. వేరుశెనగ పప్పు పెద్ద పెద్ద ప్యాకెట్లు వేసింది. చప్పరించే బిళ్ళల సంచులు, బిస్కెట్లు, వేడినీళ్ళలో కలుపుకునే కాఫీ ప్యాకెట్లు బోలెడన్ని. కౌంటర్ దగ్గర పేకముక్కల పెట్టెలు కనిపిస్తే అవీ తీసుకుంది.

ఖర్జూరాల అర దగ్గర నేనే మెత్తటివి ఒక పెట్టె తీసి ట్రాలీలో పెట్టాను. ఎందుకంటే ఎన్నాళ్ళుగానో ఆతే అంటూ ఉండేది, వెళ్ళేటప్పుడు మా అమ్మకి మెత్తటి ఖర్జూరాలు పట్టుకెళ్ళాలి అని. నాటకం సరిగ్గా ఆడాలి కదా మరి. ఆతే ఆ పెట్టె చేతిలోకి తీసుకుంది. మూత మీద వేలితో రాసింది. తీసి మళ్ళీ అరలో పెట్టేసింది. "బరువెక్కువ అవుతుంది" అంది. హమ్మయ్య అనుకున్నాను నేను. కొంచెం దూరం వెళ్ళాక ఏమనుకుందో వెనక్కి వెళ్ళి ఆ పెట్టె తెచ్చుకుంది.

ఇంటికి వచ్చాక సంచులు చూసి నానమ్మ నా చెవిలో, "పెళ్ళికి వెళ్తున్నట్టు కొనుక్కొచ్చింది పాపం. పేకముక్కలు కూడానా? తల్లికి బాగాలేదంటే పేకాట ఏంటే" అంది. అమ్మ వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఖర్జూరాల పెట్టె ఆతే తీసుకెళ్ళి నానమ్మ ఒళ్ళో పెట్టింది. "నానమ్మకి. మెత్తగా ఉంటాయి" అంది.

బయల్దేరే రోజు నానమ్మ సున్నుండల సీసాకి గుడ్డ చుట్టి, దారం కట్టి, ఆతే చేతికి ఇచ్చింది. వెళ్తాను అనకూడదని, వెళ్ళొస్తాను అనాలని నేర్పించి అనిపించింది. ఆతే నానమ్మ చేయి పట్టుకుని వంగి తన నుదుటికి ఆనించుకుంది. వాళ్ళలో పెద్దవాళ్ళకి అలా దణ్ణం పెడతారు. నానమ్మ అప్పుడు కూడా నాటకం వదల్లేదు.

"మీ అమ్మని అడిగానని చెప్పు. నమలక్కర్లేదని చెప్పు" అంది.

నేను చెప్పబోయేలోపే ఆతే తెలుగులో అంది. "చెప్తాను నానమ్మా."

ఆతే మళ్ళీ రాలేదు. కొన్ని రోజులకి అమ్మకి మెసేజ్ పెట్టింది. అమ్మ పోయింది, సున్నుండలు వచ్చినవాళ్ళందరికీ తలొకటి పెట్టాను, నానమ్మకి చెప్పండి, అని. అమ్మ అప్పుడే తెలిసినట్టు ఓదారుస్తూ రాసింది. తర్వాత కొన్నాళ్ళకి ఆ నంబరు పనిచేయడం మానేసింది. నానమ్మ మాత్రం ఊరెళ్ళాక కూడా ఎవరొచ్చినా ఈ కథ చెప్పేది. "ఇల్లు చేరేదాకా ఆ పిల్లకి తెలీకుండా గుండెల్లో పెట్టుకుని పంపించాం" అనేది. నాకు ఆ మాట విన్నప్పుడల్లా చిరాకు వచ్చేది. లేచి అవతలికి వెళ్ళిపోయేదాన్ని.

ఇదంతా నేను జాము కలిపే ఆవిడకి చెప్పలేదు. సీసా గురించి, ఎండు చేపల గురించి, పెండలం గురించి చెప్పాను. చావు దాకా వెళ్ళాలనిపించక, నవ్వించడానికని ఆతే బజారు చేసిన సంగతి చెప్పాను. "ఇన్ని తీపి పదార్థాలున్న ఊరికి దుబాయ్ నుంచి ఏం మోసుకొచ్చిందో తెలుసా? వేరుశెనగ పప్పు, చప్పరించే బిళ్ళలు, బిస్కెట్లు, కాఫీ. పైగా పేకముక్కలు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. తెడ్డు ఆపేసింది.

"అయ్యో. వాళ్ళింట్లో ఎవరు పోయారు?"

పోయిన సంగతి మీకెలా తెలుసన్నాను. ఆవిడ చెప్పింది. ఇక్కడ మనిషి పోతే వెంటనే తీసుకెళ్ళిపోరు. దూరాన ఉన్న బిడ్డ వచ్చేదాకా ఇంట్లోనే ఉంచి రాత్రుళ్ళు కాపలా కూర్చుంటారు. ఊరంతా వస్తుంది. వచ్చినవాళ్ళకి కాఫీ, బిస్కెట్లు, పప్పులు, బిళ్ళలు పెట్టాలి. నిద్ర రాకుండా పేకాడతారు. "అదంతా అలాంటి ఇంటి సామానే కదమ్మా" అని మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. అడుగంటిన వాసన కొంచెం వచ్చింది.

ఎంత తెలివితక్కువ వాళ్ళం. వాళ్ళక్కకి ఫోన్ లేదా? మేం చెప్పేసి ఉంటామనుకుని సాయంత్రం చెల్లెలికి చేసి ఉండదా? మాలాగే లోకమంతా దాచిపెడుతుందనుకున్నాం. ఆ సాయంత్రం ఆతే గుమ్మంలో నిలబడింది తనకి తెలిసిపోయిందని చెప్పడానికే. మేం చుట్టూ కూర్చుంటే మా మధ్య ఏడవడానికే. నానమ్మ చేతులకి అంటుకున్న సున్నుండల పిండి చూసి మానుకుంది. చచ్చిపోయిన తల్లి కోసం ఉండలు చుట్టింది. వాళ్ళమ్మకి తగ్గిపోతుందని నేను అనువదించి చెప్తుంటే, తల ఊపుతూ విన్నది. మేం ఆమెని కాపాడుతున్నామని మేమనుకున్నాం, ఆమేమో మమ్మల్ని కాపాడింది. ఏడవడానికి మా ఇంట్లో బాత్రూం తప్ప ఇంకో చోటు మిగల్చలేదు మేము.

నేను రెండు సీసాలు కొన్నాను. తిరగేసి చూసే కొన్నాను. సంచీ మూతి కట్టేసి భుజాన వేసుకునే సరికి నానమ్మ ఫోన్. నేను ఈ ఊరు వస్తున్నానని తెలిసి పొద్దుట్నుంచీ చేస్తూనే ఉంది.

"పెండలం జాము దొరికిందా? ఆ పిల్ల ఆచూకీ ఏమన్నా తెలిసిందా?"

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. పెద్దది, గుండె జబ్బు, ఇప్పుడెందుకు, అనుకున్నాను. అలా అనుకుంటున్నది నేనేనా అని నా మీద నాకే కోపం వచ్చింది. మార్కెట్ మెట్ల మీద కూర్చుని అంతా చెప్పేశాను. కాఫీ, పేకముక్కలు, గుమ్మం, అన్నీ.

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"మరి, మీ అమ్మని అడిగానని చెప్పమంటే చెప్తానందే" అంది చివరికి.

"చెప్పే ఉంటుంది నానమ్మా" అన్నాను.